ఎండ గడప దాటేదాకా

మా అత్త పోయింది. మొన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. నేను చెయ్యి పట్టుకుని చూసేసరికి చల్లగా ఉంది. కోడుమూరులో మా నేతగాళ్ల వీధి దాటితే ఆమెను ఎరిగినవాళ్లు తక్కువ. అందుకే మీకోసం ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. నాకు ఏడుపు మాత్రం ఇంకా రాలేదు.

మామ పోయాక మగ్గం మీద ఆమే కూర్చునేది. మా ఇళ్లలో మగ్గం కింద కాళ్లు దింపుకునే గుంట ఉంటుంది. పొద్దున్నే అందులో కాళ్లు పెట్టేముందు కర్రతో తట్టి చూడాలి, ఏ పురుగో పుట్రో ఉండొచ్చు. అత్త తట్టడమే కాదు, "ఎవురప్పా లోపల?" అని పలకరించేది కూడా. నాకు నవ్వొచ్చేది.

ఒక చలికాలం పొద్దున గుంటలో జెర్రిపోతు పాము కనిపించింది. తట్టినా కదల్లేదు. పక్కింటాయన కట్టె పట్టుకొచ్చాడు.

"కొట్టొద్దప్పా. చలికి బిగుసుకపోయి పండుకోనుండాది," అంది అత్త. "మన ఒంట్లో పొయ్యి మనకుండాది. దానికి ల్యా. బయట సెగ తగిలితేనే కదిలేది."

నేను పెద్ద తెలివిగా నిప్పుల కుంపటి తెచ్చి గుంటలోకి దింపబోయాను.

"వద్దమ్మీ! అంత సెగ ఒక్కసారే తగిలితే సచ్చిపోతాది. ఎండ రానీ. మెల్లగా అదే లేస్తాది."

తూర్పు తలుపు బార్లా తీసి, ఆ పూట పని మానుకుని కూర్చుంది. ఎండ గడప దాటి గుంటలోకి దిగాక పాము తల కదిపింది. చాలాసేపటికి పైకి పాకి వాకిట్లోంచి వెళ్లిపోయింది. "పోయిరాప్పా," అంది అత్త.

యుద్ధం రోజుల్లో, నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయినప్పుడు, నా బిడ్డ జ్వరంతో పోయింది. నేను గోడకానుకుని కూర్చుండిపోయాను. ఏడవమని ఆడవాళ్లు నన్ను పట్టి కుదిపారు. అత్త వాళ్లను ఆపింది. "ఎండ రానీండి," అంది, అంతే. తలుపు తీసి నన్నానుకుని కూర్చుంది. రోజూ అలాగే కూర్చునేది. ఆమె భుజం వెచ్చగా ఉండేది. ఎన్నాళ్లకో నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆమె కూడా ఏడ్చింది, అప్పటిదాకా ఆపుకున్నట్టుంది.

ఇప్పుడూ అందరూ నన్ను ఏడవమంటున్నారు. వాళ్లను ఆపేవాళ్లు లేరు.

ఈ పొద్దున కర్రతో తట్టి గుంటలో కాళ్లు పెట్టాను. ఆమె పాదాలు ఆడినచోట మన్ను నున్నగా, చల్లగా ఉంది. తూర్పు తలుపు తీసే ఉంది. ఎండ ఇంకా గడప అవతలే ఉంది. నా పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాను.