మెట్లు దిగిన బిల్లులు

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఊరికే వచ్చిన వస్తువు మీద నేను పోగొట్టుకున్నదంతా ముందే చెప్పేస్తాను. బస్సు చార్జీలు రెండు వందల పన్నెండు. ప్రింటరు కాగితం రెండు వందల అరవై. తెగిన చెప్పుల జత ఎనభై అయిదు. జాక్‌పాట్ నూట యాభై (అదేమిటో వస్తోంది). మొత్తం ఏడు వందల ఏడు రూపాయలు. పరువు కూడా కొంత పోయింది గానీ, దానికి రేటు కట్టడం చేతకాక కలపలేదు.

పుంగనూరులో బాడుగ గదిలో రెండు పాత కంప్యూటర్లు పెట్టుకుని, పుస్తకాలు చూసి నేర్చుకున్న విద్యతో బతుకుతున్నాను. రెండు నెలల బాడుగ, రెండు వేల రెండు వందలు, ఇవ్వాలి. శనివారం సాయంత్రం దాటితే గదికి తాళమేనని ఓనరమ్మ చెప్పేసింది. సరిగ్గా అప్పుడే మదనపల్లెలో టమాటా మండీ నడిపే మా మేనమామకు బిల్లుల సాఫ్ట్‌వేరు కావాల్సివచ్చింది. బెంగుళూరు కంపెనీ ముప్పై ఆరు వేలు అడిగిందట. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను: ఎవరైనా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు, లోపల మార్చుకోవచ్చు అని రాసినవాళ్లే వదిలేసిన సాఫ్ట్‌వేరు ఉంది. దాని వెల సున్నా. దాన్ని మండీకి సరిపడేలా అమర్చినందుకు నా కూలి మూడు వేలు. ఆ సున్నాను చూసుకుని నేను గాల్లో తేలుతున్నాను. మామ మాత్రం దాన్ని చెడిపోయిన టమాటాను చూసినట్టు చూశాడు.

"యాల ఊరికే ఇస్తారప్పా? యాదో మతలబు ఉండాది."

"మతలబు లేదు మామా. పదిమంది వాడితే పదిమందీ బాగుచేస్తారు."

మండీలో వ్యాపారి నూరు బాక్సులు కొంటే ఇంకో అయిదు ఊరికే పట్టుకుపోతాడు. దాని పేరే జాక్‌పాట్. మామ ఆ లెక్కలోనే ఆలోచించాడు. "నూటికి అయిదు ఊరికే పోతాంటేనే రైతులు నన్ను తిట్టిపోస్తాండారు. నూటికి నూరు ఊరికే ఇచ్చే పిచ్చోళ్లు యాడుండారప్పా?" అని నవ్వి, ముప్పై మూడు వేలు మిగులుతాయి కదాని ఒప్పుకున్నాడు.

గురువారం పొద్దున మొదటి బిల్లు కొట్టాం. మొదటి వరుస బాగానే వచ్చింది. రెండో వరుస, మొదటిది ఎక్కడ ముగిసిందో అక్కడ మొదలైంది. మూడోది ఇంకా కుడికి. మొత్తం రూపాయలు రాసే వరుస వచ్చేసరికి కాగితమే అయిపోయింది. బి.కొత్తకోట నుంచి వచ్చిన రైతు బిల్లును ఏటవాలుగా తిప్పి చూసి, "ఏందప్పా ఇది, నా దుడ్డు మెట్లు దిగి యాడికో పోతాండాది?" అన్నాడు. మండీ అంతా ఒకటే నవ్వు. నేను కాగితం మార్చాను, ప్రింటరును జరిపాను, చివరికి బల్లను కూడా కొంచెం ఒరగపెట్టాను (ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు). కాగితం పెట్టె ఖాళీ అయింది. "శనివారం పొద్దునకి మెట్లు పోవాల. లేదంటే బెంగుళూరోళ్లనే పిలుస్తా" అన్నాడు మామ. అంటే నా గదికి తాళమన్నమాట.

శుక్రవారం బస్సు వెంట పరుగెత్తి, చెప్పులు తెంపుకుని కుప్పం చేరాను. అక్కడ ఇంజనీరింగు చదివే మా చిన్నాన్న కొడుకు నన్ను ఇంటర్నెట్టు ముందు కూర్చోబెట్టాడు. ఆ సాఫ్ట్‌వేరు వాడేవాళ్లు ఒకరినొకరు అడిగే చోట నా బాధంతా రాశాను.

"అన్నా, ప్రింటరు సంగతి అడగమంటే టమాటా రేటు యాల రాస్తాండావు?"

"వివరాలు పూర్తిగా ఉండాల రా."

మధ్యాహ్నానికి ఏ దేశమో తెలియని ఒకాయన జవాబిచ్చాడు. ప్రతి వరుస అయ్యాక ఎడమ అంచుకు తిరిగి రమ్మని ప్రింటరుకు ఎవరూ చెప్పలేదట. ఎలా చెప్పాలో ఒకే ఒక్క వాక్యం రాశాడు. ఎంత ఇవ్వాలని అడిగాను. "ఏమీ వద్దు. రేపు ఇంకొకరు అడిగితే నువ్వు చెప్పు."

శనివారం బిల్లు నిటారుగా నిలబడింది. నేను ఎగిరి గంతేశాను. పక్క మండీవాడు వచ్చి "నాకూ పెట్టప్పా" అన్నాడు. "వానికీ ఊరికేనా!" అని మామ గుండె బాదుకున్నాడు. తర్వాత నా మూడు వేలల్లో కాగితం ఖర్చు పట్టుకుని, జాక్‌పాట్ కింద నూటికి అయిదు చొప్పున నూట యాభై కోసి, రెండు వేల అయిదు వందల తొంభై చేతిలో పెట్టాడు. "ఇది మండీ అప్పా!" బాడుగ కట్టి, చార్జీలూ చెప్పులూ తీసేస్తే మిగిలింది తొంభై మూడు. ఓనరమ్మ తాళం మళ్లీ కొంగున కట్టుకుంది.

ఆ రోజు సున్నాను చూసి గాల్లో తేలినవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. బెంగుళూరు కంపెనీకైతే డబ్బు పారేసి మరిచిపోయేవాళ్లం. ఇదేమో ఒక నోటుపుస్తకం పెట్టించింది. ఈ ఇరవై ఏళ్లలో ఇంటర్నెట్టులో ఆ చోట నేను అడిగినవి యాభై నాలుగు, ఇంకొకరు అడిగితే చెప్పినవి నలభై ఒకటి. వడ్డీ వేయకుండా, ఈనాటికి నేను ఇవ్వాల్సిన జవాబులు పదమూడు.