వరమ్మ సొంత గొంతు

కమలాపురం దగ్గరి ఆ పల్లెలో వరమ్మ గొంతు విననివాళ్లు లేరు. వరమ్మ మాట విన్నవాళ్లూ లేరు. కూలికి పోయి వేరుశనగ కాయలు ఒలిచే మనిషి ఆమె. మంగళవారం గంగమ్మ గుడి ముందు డప్పు మోగితే మాత్రం అమ్మవారు ఆమె మీదికి వచ్చేది. గొంతు బొంగురుపోయి మగగొంతయ్యేది. వచ్చింది అమ్మవారేనా అని తేల్చుకోవడానికి పూజారి ఓబన్న ఆమె అరచేతిలో కర్పూరం వెలిగించేవాడు. ఆమె చలించకపోతే జనం సాగిలపడేవాళ్లు. "ఏం నిబ్బరమబ్బా, రెప్ప కూడా వాల్చలే!" అని ఇంటిదాకా చెప్పుకుంటూ పోయేవాళ్లు. ఇంతకీ అమ్మవారు ఏం చెప్పిందయ్యా అని దారిలో ఎవరన్నా అడిగితే నీళ్లు నమిలేవాళ్లు.

తెలివొచ్చాక వరమ్మకూ ఒక్క ముక్క గుర్తుండేది కాదు. తన నోటి నుంచి వచ్చిందేమిటో తనకు చెప్పే దిక్కు లేదని ఆమెకు లోలోపల దిగులు. ఏడాదిగా ఆ పూనకం రావడమూ మానేసింది. డప్పు మోగినంతసేపూ నిలబడి, కాళ్లు లాగితే ఇంటికి వచ్చేసేది. పూలూ పండ్లూ తెచ్చి గడపలో పెట్టేవాళ్లు మెల్లగా ముఖం చాటేశారు.

కొన్నేళ్ల కరువు తర్వాత ఆ ఏడు వాన విడవకుండా పట్టుకుంది. రైతు శ్రీనివాసులు ఇంటి వెనకగదిలో విత్తనం కాయలు ఒలుస్తున్న వరమ్మ, మధ్యాహ్నం నేలకు పరిచిన నాపబండల మీదే నడుం వాల్చింది. చెవికి బండ చల్లగా తగిలింది. కింద ఎవరో గుటకలు వేస్తున్నారు. దప్పికగొన్న మనిషి గుటకలు. కాసేపు ఆగడం, ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ తాగడం. వరమ్మ దిగ్గున లేచి కూర్చుంది. పక్కనే దూలానికి కట్టిన ఊయలలో శ్రీనివాసులు మనవరాలు హర్షిణి నిద్రపోతోంది. ఎవరూ ఊపకుండానే ఊయల సన్నగా కదులుతోంది.

వాకిట్లో ఉన్న శ్రీనివాసులు దగ్గరికి పరుగెత్తింది. "శీనప్పా, వెనకగది కింద నేల డొల్లగా ఉండాది. లోపల ఏందో తాగుతాండాది. బిడ్డను ఆడ పండబెట్టొద్దు."

"గంగమ్మ చెప్పిందా, నువ్వు చెప్తాండావా?"

"నేనే చెప్తాండా."

"అట్లయితే పోయి కాయలు ఒలుచుకో పో, వరమ్మా" అని నవ్వాడాయన. చెడ్డవాడేం కాదు. అదే మాట గంగమ్మ చెప్పి ఉంటే ఇల్లే ఖాళీ చేసేవాడు.

వరమ్మకు కడుపు మండింది. మర్నాడే మంగళవారం. డప్పు మోగగానే జుట్టు విరబోసుకుని, రాని దేవతను వచ్చినట్టు ఊగింది. గొంతు బొంగురు చేసుకుని అరిచింది. "శీనివాసులూ! నీ వెనకగది కింద నేల తాగుతాండాది. బిడ్డను తియ్యి!" ఓబన్న కర్పూరం వెలిగించాడు. అరచేయి చుర్రుమంది. పళ్లు బిగబట్టింది. పసిబిడ్డను తలుచుకుని ఓర్చుకుంది. చివరికి "అబ్బా!" అనేసింది.

డప్పు ఆగిపోయింది. అమ్మవారు అబ్బా అంటుందా? దొంగ పూనకమన్నారు. ఊగడం కూడా కుదరలేదని ఒకాయన తప్పులు పట్టాడు. గొంతు మునుపటంత గంభీరంగా లేదని ఇంకొకామె పెదవి విరిచింది. గది సంగతి ఎవరి నోటా రాలేదు.

సాయంత్రం అంజలి కొబ్బరినూనె తెచ్చి ఆమె చేతికి రాసింది. శ్రీనివాసులు కోడలామె, హర్షిణి తల్లి. "అవ్వా, పూనకం సంగతి వదిలెయ్. నువ్వు చెప్పిన మాట నిజమేనా?"

"నిజమే తల్లీ. నా చెవులతో విన్యా."

అంజలి ఇంటికి పోయి, అత్తామామలు సణుగుతున్నా వినకుండా, ఊయల విప్పి ముందు పంచలో కట్టుకుంది.

మర్నాడు పొద్దెక్కేసరికి వెనకగది లేదు. ఇల్లు కూలిన చప్పుడేమీ రాలేదు. పెద్ద గుటక ఒకటి, అంతే. గదీ, దూలమూ, కాయల మూటలూ ఉన్నచోట గీసినట్టు గుండ్రంగా గొయ్యి. అందులోకి వేసిన రాయి అడుగుకు తాకిన శబ్దం ఎంతసేపటికీ వినిపించలేదు.

ఇంకేముంది, ఊరు ఊరంతా డప్పులతో వరమ్మ గుడిసె ముందుకొచ్చింది. వద్దంటున్నా ఎత్తుకుపోయి గంగమ్మ గుడి ముందు బండల మీద కూర్చోబెట్టి మెడనిండా పూలు వేశారు. ఆమెకు పూనకం రాలేదు. భయం మాత్రం వచ్చింది. అరికాళ్ల కింద బండ చల్లగా ఉంది. దాని కింద ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. మెల్లగా తాగడం మొదలుపెట్టారు.

"ఈడ కూడా తాగుతాండాది!" అంది వరమ్మ, తన సొంత గొంతుతోనే. "లేసి పోండప్పా, మీ కాళ్లు మొక్కుతా, ఈడ్నించి పోండి!"

"అమ్మ పలికింది!" అన్నాడు ఓబన్న. ఊరంతా ఒక్కసారిగా బండల మీద సాగిలపడి నుదుళ్లు ఆనించింది. డప్పులు హోరెత్తాయి. ఓబన్న ఆమె రెండో అరచేయి చాపించి కర్పూరం వెలిగించాడు. ఈసారి ఆమె "అబ్బా" అని ఎంత గట్టిగా అరిచినా ఎవరికీ వినిపించలేదు.

వంగిన వీపుల మీదుగా వరమ్మ చూసింది. అంజలి ఒక్కతే బిడ్డను చంకనేసుకుని, వెనక్కి తిరగకుండా రోడ్డు వైపు పరుగులాంటి నడకతో పోతోంది. వరమ్మ కూడా లేవబోయింది. శ్రీనివాసులు కన్నీళ్లతో ఆమె రెండు పాదాలూ గట్టిగా పట్టుకుని ఉన్నాడు.