మనసులో చదువుకోండి

నిజం చెప్పాలంటే ఆవిడ కుళ్ళుమోతు మనిషి కాదు. తోడికోడలు కొత్త ఇల్లు కట్టుకున్నా, పక్కింటావిడ మెడలో కొత్త గొలుసు మెరిసినా, "బాగుందే!" అని మనస్ఫూర్తిగా మెచ్చుకునే రకం. అలాంటి మనిషికి, కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టిన కొన్నాళ్ళకే "మా మిస్" అన్న మాట చెవిన పడితే చాలు, ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయ్యేది.

వాళ్ళాయన క్రేన్ నడుపుతాడు. కూతురు అక్షరాలు దిద్దే వయసులో పరాయి దేశంలో పని దొరికింది. ఊరికి ఎంతో దూరంలో, కూలీల కోసం వేసిన రేకుల గదుల్లో కాపురం. చుట్టుపక్కల బడి అన్నది లేదు. దాంతో చదువు చెప్పే పని ఆవిడ నెత్తిన పడింది. వంటగదే తరగతి గది. ఆవిడ చేతులు ఎప్పుడూ సబ్బునీళ్ళలోనో, ఉల్లిపాయల మీదో ఉండేవి. పుస్తకం వంక చూసే తీరికెక్కడిది? అందుకని ఆ ఇంట్లో చదవడమంటే పైకి చదవడమే. పిల్ల బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గొంతెత్తి చదివేది. ఈవిడ వెనక్కి తిరగకుండానే, "అక్కడ ఆగాలి, మళ్ళీ చదువు," అనేది. గొంతు ఆగిందంటే చదువు ఆగినట్టే లెక్క. పొద్దస్తమానం వాగుతూ ఉంటుందని పక్క గదులవాళ్ళు ఆ పిల్లకు వసపిట్ట అని పేరు పెట్టారు.

అక్కడి పని అయిపోయింది. తిరిగొచ్చారు. వసపిట్టను బళ్ళో వేశారు.

మొదటి రోజే టీచరమ్మ, "ఈ పాఠం మనసులో చదువుకోండి," అంది. తరగతంతా తలలు వంచింది. మన వసపిట్ట మాత్రం అలవాటు ప్రకారం గొంతెత్తి అందుకుంది. పిల్లలు పడీపడీ నవ్వారు. ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది.

"వాళ్ళ మొహం! వాళ్ళకేం తెలుసే నీ చదువు? మానెయ్. ఎప్పట్లా నా దగ్గరే చదువుకుందువుగాని," అంటూ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది ఆవిడ. కోపం వచ్చిన మాట నిజమే. లోపల ఓ మూల సంబరపడిన మాటా నిజమే.

"కాస్త ఓపిక పట్టవే. పిల్ల అన్నాక అలవాటు పడొద్దూ?" అన్నాడు ఆయన.

పిల్ల అలవాటు పడింది. పడకుండా ఉంటే బాగుండునని ఈవిడ అనుకుంటూనే ఉంది. కానీ నాలుగు రోజులు తిరిగేసరికి, "మా మిస్ రోజూ నాచేతే కథ చదివిస్తోందమ్మా," అంటూ ఎగురుకుంటూ వచ్చింది. ఇక జడ మిస్ చెప్పినట్టే వెయ్యాలి. పెన్సిలు మిస్ చెప్పినట్టే చెక్కాలి. "మిస్సట మిస్సు! అంత ముద్దొస్తే అక్కడే ఉండు," అని చేతిలో గిన్నె ఎత్తి కుదేసింది ఓ రోజు.

చివరికి ఆగలేకపోయింది. అందరూ నవ్వారు, మా పిల్లకు ఈ బడి పడదు, తీసుకెళ్ళిపోతాను అని చెప్పెయ్యడానికి చరచరా బడికి వెళ్ళింది. వరండాలో అడుగు పెట్టేసరికి కూతురి గొంతు వినిపించింది. తరగతంతా నోళ్ళు తెరుచుకుని వింటోంది. తను ఆగమన్న చోట ఆగుతోంది, ఒత్తి పలకమన్న చోట ఒత్తి పలుకుతోంది. తన వంటగదిలో తనొక్కతే విన్న గొంతు! ఊరందరికీ పంచిపెట్టడానికా ఇన్నేళ్ళూ కూర్చోబెట్టి చదివించింది?

టీచరమ్మ నవ్వుతూ బయటికి వచ్చింది. "మీరేనా వాళ్ళమ్మగారు? ఎంత చక్కగా చదువుతుందండీ! ఎవరు నేర్పారే అని అడిగితే, ఎవరూ నేర్పలేదు మిస్, అమ్మ వంట చేసుకుంటుంటే నేను చదువుకునేదాన్ని, అంది. మీరు అదృష్టవంతులండీ. ఎవరూ చెప్పకుండానే చదువొచ్చేసింది."

ఆవిడ, నేనే నేర్పాను అనడానికి నోరు తెరిచింది. కిటికీలోంచి కూతురు చూసి చెయ్యి ఊపింది. ఏడ్చిన మొహం కాదది, వెలిగిపోతున్న మొహం. తీసుకెళ్ళిపోతానన్న మాట పక్కన పెట్టేసింది.

"అవునండీ, దానికదే వచ్చేసింది," అంది.

"పైకి చదవడం వచ్చేసింది కాబట్టి, ఇప్పుడు మనసులో చదవడం నేర్పిస్తున్నానండీ. పరీక్షల్లో అవసరం కదా," అంది టీచరమ్మ.

కొన్నాళ్ళకు ఓ సాయంత్రం ఆవిడ గిన్నెలు తోముతోంది. కూతురు గుమ్మంలో పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఎంతకీ చప్పుడు లేదు. నిద్రపోయిందేమో అనుకుంటూ ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. పిల్ల పెదవులు కదలడం లేదు, కళ్ళు మాత్రం గబగబా పరుగెడుతున్నాయి. ఉన్నట్టుండి కిసుక్కున నవ్వింది.

"ఏమైందే?"

"కథలో, అమ్మా."

"ఏముందే కథలో? పైకి చదువు, నేనూ వింటాను."

"అబ్బ, ఉండమ్మా, మంచి చోట ఉన్నాను," అంది పిల్ల తలెత్తకుండానే. "అయ్యాక పుస్తకం నీకిస్తాలే, నువ్వే చదువుకో."

ఆవిడ సబ్బు చేతులతో మళ్ళీ గిన్నె అందుకుంది. ఇన్నాళ్ళూ ఆ టీచరమ్మను చూసి కుళ్ళుకుంది. ఇప్పుడు ఆ పుస్తకాన్ని చూసి కుళ్ళుకుంది.