పేడపురుగుకీ చిట్టెలుకకీ పోటీ

మేం ఆరో తరగతిలో ఉన్నప్పుడు... ఏర్పేడు దగ్గర మా బడిలో, సైన్సు సారు బల్ల మీద రెండు మట్టికుండలు. ఒకదాంట్లో నేను పట్టుకొచ్చిన చిట్టెలుక, పైన జల్లెడ కట్టి. రెండోదాంట్లో సుగుణ తెచ్చిన పేడపురుగులు, గుప్పెడు పేడ, పైన పల్చటి గుడ్డ. రెండింటి మట్టిలోనూ పదేసి వేరుశనగ విత్తనాలు.

సుగుణ వాళ్లమ్మ పిడకలు చేసి అమ్మేది. అందుకని క్లాసంతా ఆ పిల్లని పేడపురుగు అనేది. ఆ పేరు పెట్టింది ఎవరో కాదు... నేనే.

"ఎలకైనా నయం మే, వినాయకుడి వాహనం. పేడపురుగు ఎవురికి పనికొస్తాది?" అన్నాను అంతకుముందు ఒకరోజు. సారు కూడా నవ్వారు.

సుగుణ నవ్వలేదు. "పోటీ పెడదాం సార్. రెండు కుండల్లో ఇత్తనాలేసి, ఏది ఉన్న కుండలో ఎక్కువ మొలిస్తే అది గెలిచినట్టు. నా పురుగు గెలిస్తే అందురూ నన్ను సుగుణా అని పిలవాల."

"ఓడిపోతేనో?"

"మళ్లా బడికి రాను."

ఇక చూడండి... గంట కొట్టడం ఆలస్యం, అందరం కుండల మీద పడేవాళ్లం. రెండోరోజుకే పేడ మాయం! పురుగులు సొరంగాలు తవ్వి మట్టిలోకి లాక్కుపోయాయి. నా ఎలుకా తవ్వింది... విత్తనాలు ఒక్కొక్కటే పైకి తీసి, పదీ తినేసి, మూలన ముడుచుకుని పడుకుంది.

ఆరోరోజు సుగుణ కుండలో మట్టి పగిలింది. తొమ్మిది మొలకలు!

పంట తినేదానికి వాహనం హోదా, మట్టిని బాగుచేసేదాని పేరేమో తిట్టు. ఇదెక్కడి న్యాయమండీ? ఎలుక తప్పేం లేదు, దాని ఆకలి దానిది. పీట ఎవరికి వేయాలో తేల్చింది మనం కదా...

"ఇంకెవురూ ఆ పాపను పేడపురుగు అనగూడదు" అన్నారు సారు.

"అననీండి సార్, ఇప్పుడది తిట్టు గాదు గదా" అని సుగుణ నా వైపు తిరిగింది. "ఏమప్పా ఎలకా, ఇత్తనాలు అరిగినాయా?"

ఆ ఏడాదంతా నేను ఎలుకనే. ఒళ్లు మండిపోయేది. కానీ నన్ను ఎలుక అన్నారే గాని, మా అమ్మ చేసే పనిని ఎవరూ ఏమీ అనలేదు. ఆ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది...

ఇప్పుడు మా చేలల్లో ఎద్దులు లేవు, పేడ లేదు, ఆ పురుగులూ కనబడవు. తిట్టు మాత్రం బతికే ఉంది.

మీ బడిలోనూ ఇలాంటి పేర్లు ఉండే ఉంటాయి. కింద రాయండి... పడ్డవాళ్లు కాదు, పెట్టినవాళ్లు.