బానెట్ మీద రెండు దెబ్బలు

దయ్యాలంటే నాకు ముందు నుంచీ నవ్వే. తెనాలిలో మా షెడ్డు పక్క టీ కొట్టులో ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే, "ముందు దాని ఇంజను నంబరు చెప్పండి!" అని ఎగతాళి చేసేవాణ్ణి. నేను డీజిల్ మెకానిక్‌ని. చప్పుడుంటే దానికో కారణం ఉండాలి, ఆ కారణం నా చేతికి చిక్కాలి. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే మీరే ఆలోచించండి.

నాకు పని నేర్పింది దావీదు మేస్త్రి గారు. షెడ్డులో ఇంజన్ల మోతకి మాట వినపడదు. అందుకని ఆయన బండి ముందు నిలబడి పానాతో బానెట్ మీద కొట్టి చెప్పేవారు. రెండు దెబ్బలైతే యాక్సిలరేటర్ తొక్కమని. మూడైతే ఇంజను ఆపేయమని. ఆ రెండు దెబ్బలకీ ఆయనదో వరస ఉండేది. మొదటిది గట్టిగా, కాస్త ఆగి రెండోది మెల్లగా. మూడైతే మాత్రం టకటకా వేసేవారు. ఆయన చేతి కింద పన్నెండేళ్ళు చేశాను. నేను చెప్పబోయే సంగతి ఆయన పోయిన రెండేళ్ళకి జరిగింది.

అప్పుడు తొంభైల చివర. మా వైపు టర్బో కార్లు అప్పుడప్పుడే కనపడుతున్నాయి. టర్బో అంటే ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే చిన్న పంకా లాంటిది. రేపల్లె డాక్టరమ్మ కరుణమ్మ గారు అలాంటి కారు కొన్నారు. ఏటి ఒడ్డు ఊళ్ళన్నిటికీ కాన్పులకి ఆవిడే దిక్కు. కొన్న ఏడాదికి దానికో మాయరోగం పట్టుకుంది. పోతూ పోతూ ఉన్నట్టుండి నల్లపొగ కక్కి, బలం చచ్చిపోయి ఆగిపోయేది. పావుగంట ఆగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు బయల్దేరేది! అమ్మిన చోట చూపిస్తే బండి బ్రహ్మాండంగా ఉందన్నారట.

నా దగ్గరికి తెచ్చిన రోజు ఆవిడ కూర్చోనైనా కూర్చోలేదు.

"పోయిన నెల పెనుమూడి దారిలో ఆగిపోయింది బాబూ. దిగి నడిచి వెళ్ళాను. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇంకోసారి ఇలా అయితే నేను ఎవరికి జవాబు చెప్పను?"

ఆ మాట నాకు గుండెల్లో దిగింది. అదే సమయంలో, నిజం చెప్తున్నాను, లోపల హుషారు కూడా పుట్టింది. అందరూ చేతులెత్తేసిన బండి! డీజిల్ ఫిల్టరు మార్చాను, పైపులు మార్చాను, పంపు విప్పి చూశాను. బాపట్ల దారిలో పిట్టలవానిపాలెం దాటేదాకా తోలాను. ఒక్కసారి ఆగింది. ఎగిరి గంతేసి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తాను. అన్నీ సవ్యంగా ఉన్నాయి. తాళం తిప్పితే మళ్ళీ పరుగు. ఆ బండి నన్ను వెక్కిరిస్తోందనిపించి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

డీజిల్లో గాలి చేరుతోందని తేల్చుకుని ఆ గాలి తీసేసి, మూడో రోజు కారు రేపల్లె తీసుకెళ్ళాను. డాక్టరమ్మ గారు సంచీతో గుమ్మంలోనే ఉన్నారు. పెనుమూడి నుంచి ఫోనొచ్చిందట. తొలి కాన్పు, రాత్రి నుంచీ నొప్పులు, మంత్రసాని ఇక నా వల్ల కాదందట.

"ఎక్కండమ్మా, నేను తోల్తాను" అన్నాను, ఎక్కడలేని ధీమాతో.

సగం దారిలో, మిట్టమధ్యాహ్నం, అటూ ఇటూ పొలాలు తప్ప పురుగు లేని చోట, అద్దంలో నల్లపొగ కనపడింది. బండి ఈడ్చుకుంటూ ఆగింది. ఇంజను గుడగుడలాడుతోంది గానీ బలం లేదు. నా ప్రాణం పోయినట్టయింది. వెనక డాక్టరమ్మ గారు "ప్రభువా" అన్నారు.

రోడ్డు మీద బండి మొరాయిస్తే ముందు ఇంజను ఆపు, తర్వాతే చూడు. మేస్త్రి గారు మాకందరికీ నూరిపోసిన పద్ధతి అది. ఒకసారి లారీకి నిప్పంటుకుని ఆయన చెయ్యి కాలింది లెండి. నా చెయ్యి తాళం మీదికి పోయింది.

అప్పుడు బానెట్ మీద దెబ్బ పడింది. గట్టిగా. కాస్త ఆగి, మెల్లగా ఇంకోటి.

ముందు ఎవరూ లేరు. ఎండ, రోడ్డు, అంతే. "ఏంటి బాబూ ఆ చప్పుడు?" అన్నారు డాక్టరమ్మ గారు. అంటే ఆవిడకీ వినపడింది! పన్నెండేళ్ళ అలవాటు, కాలు దానంతటదే యాక్సిలరేటర్ తొక్కింది. పొగ ఇంకా ఎక్కువైంది. ఆపొద్దు, తొక్కు అంటున్నారు. ఎందుకు?

ఇంజను ఆపకుండానే దూకి బానెట్ ఎత్తాను. యాక్సిలరేటర్ తీగ చేత్తో లాగాను. చూద్దును కదా, ఫిల్టరు నుంచి టర్బోకి గాలి తెచ్చే రబ్బరు గొట్టం పీల్చేసిన తాటిముంజెలా అణిగిపోయింది! తీగ వదిలితే మెల్లగా ఉబ్బుతోంది. వేడికి మెత్తబడ్డ గొట్టాన్ని టర్బో పీల్చేస్తోంది. ఇంజను ఆపగానే అది మామూలైపోతోంది. మేమందరం ముందు ఆపి తర్వాత చూశాం, అందుకే ఒక్కళ్ళకీ దొరకలేదు.

"దొరికిందమ్మా!" అని పిచ్చివాడిలా అరిచాను.

ఇంజను ఆపి ఆ గొట్టం పీకి పారేశాను. దుమ్ము లోపలికి పోకుండా డాక్టరమ్మ గారి సంచీలోని గాజుగుడ్డ నాలుగు మడతలు వేసి, టర్బో మూతికి తీగతో బిగించి కట్టాను. తాళం తిప్పితే కారు గుర్రమైంది.

పెనుమూడిలో ఆవిడ ఇంట్లోకి పరుగెత్తారు. తిరుగు ప్రయాణంలో తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి రావచ్చు, ఆపితే మళ్ళీ కదలదేమోనని భయం. అందుకని వాకిట్లో ఇంజను నడుస్తుండగానే సీట్లో కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు, చొక్కా తడిసి ముద్దయింది.

బానెట్ మీద మూడు దెబ్బలు పడ్డాయి. టకటకా.

తాళం తిప్పేశాను. ఇంజను ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఇంట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినపడింది. స్టీరింగు మీద తల పెట్టుకుని నేనూ ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

తర్వాత ఆ బానెట్‌తో నేను చెయ్యని పరీక్ష లేదు. వేడికి రేకు సాగి కొట్టిందేమో అనుకుని ఎండలో నిలబెట్టాను. గడియ వదులైందేమో అని బిగించాను, వదిలాను. రాయి తగిలిందనుకుందామంటే రంగు మీద గీత కూడా లేదు. మళ్ళీ ఎప్పుడూ ఆ చప్పుడు రాలేదు. డాక్టరమ్మ గారు మొదటి రెండు దెబ్బలూ విన్నారు, ఆ మాట ఎవరడిగినా చెప్పేవారు. తర్వాతి మూడు విన్నది నేనొక్కణ్ణే. కారణం ఇప్పటికీ నా చేతికి చిక్కలేదు.

టీ కొట్టులో ఆ కబుర్లు ఇప్పటికీ నడుస్తాయి. నేను మాత్రం ఇంజను నంబరు అడగడం మానేశాను.