చేరికల ఫోటోలో మూడో మనిషి

డాక్టరేట్ వచ్చిందని ఎవరైనా అభినందిస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పైకి నవ్వి థాంక్స్ చెప్తాను. ఆ పుస్తకంలో ఏముందో తెలిస్తే ఈ మాట అనరు కదా అని లోపల అనుకుంటాను. ఆరేళ్లు చేశాను ఆ పని. దినపత్రికల జిల్లా పేజీల్లో ఎన్నికల రాజకీయం ఎలా అచ్చవుతుందన్నది నా పరిశోధన, అందులోనూ చేరికల వార్తలు. మా వైపు పేపరు చదివేవాళ్లకు వీటి గురించి చెప్పనక్కర్లేదు. ఎన్నికలు దగ్గర పడగానే ఫలానా ఊళ్లో యాభై కుటుంబాలు ఈ పార్టీ వదిలి ఆ పార్టీలో చేరాయని వార్త, దాని మీద ఒక ఫోటో. మధ్యలో నాయకుడు, చుట్టూ మెడలో కొత్త కండువాలతో జనం. వారం తిరిగేసరికి అదే ఊరి నుంచి ఇంకో యాభై కుటుంబాలు అటు నుంచి ఇటు. ఊళ్లో ఉన్నవే నలభై ఇళ్లయితే ఇన్ని కుటుంబాలు ఎక్కడివని చిన్నప్పుడే నాకు అనుమానం.

ఆ అనుమానం పెట్టింది మా నాయనే. మాది రుద్రవరం దగ్గర పల్లె. ఎకరంన్నర సొంత సేద్యం, మిగతా రోజులు కూలి, ఆదివారం చర్చిలో సంఘపెద్ద. పొద్దున్నే టీ అంగడి దగ్గర కూర్చుని పేపరు మొదటి అక్షరం నుంచి సంతాప ప్రకటనల దాకా చదివేవాడు. నేను పక్కన ఉంటే చేరికల ఫోటో మీద వేలు పెట్టి నవ్వేవాడు. "సూడు పాపా, వీడు పోయిన వారం ఆ పక్క, ఈ వారం ఈ పక్క. మెడ ఒగటే, గుడ్డలు మారతాండాయి."

ఎన్నికలొస్తే రెండు పార్టీల వాళ్లూ మా ఇంటికొచ్చేవాళ్లు. సంఘపెద్ద వస్తే వెనక పది ఇళ్లు వస్తాయని వాళ్ల ఆశ. నాయన వాళ్లను కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఒకటే మాట చెప్పేవాడు. "ఓటు యాడ ఎయ్యాల్నో నాకు ఎరికేలే అప్పా. కండువా మాత్రం నా మెడలో పడదు." మా ఇంట్లో గొప్పగా చెప్పుకోడానికి ఇంకేమీ లేదు. బడిలో ఎవరైనా మీ నాయన ఏం చేస్తాడంటే ఆ మాటే చెప్పి తల ఎగరేసేదాన్ని.

నేను పదో తరగతి పాసైన వేసవిలో నన్ను అవుకులో మా మేనత్త ఇంట్లో ఉంచారు. అక్కడి నుంచి అటే నంద్యాల హాస్టల్‌కి వెళ్లిపోయాను. దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి నాయన టీ అంగడికి పోవడం మానేశాడు. ఏందీ అంటే, బీపీ ఉందంట, టీ వద్దన్నారు అన్నాడు. పేపరు ఇంటికే వేయించుకుంటున్నాడు. నాకు అందులో వింతేమీ కనపడలేదు. ఏళ్ల తర్వాత నా పరిశోధన అంశం ఏమిటో చెప్తే మాత్రం ఆయన మొహం మాడిపోయింది. "సదివేకి ఇంకేం దొరకలేదా పాపా?" అన్నాడు. ఆడపిల్లకు రాజకీయాలెందుకని భయపడుతున్నాడనుకుని, ఎంత పేపరు చదివినా నువ్వూ అంతేనా అని కసిరాను కూడా.

పాత జిల్లా పేజీల కోసం నంద్యాలలో కాళ్లరిగేలా తిరిగాను. నేను వెళ్లిన గ్రంథాలయాల్లో అసలు పేపరు నెలనెలా బైండు చేసి పెట్టారు. జిల్లా పేజీలు మాత్రం లేవు. అడిగితే ఒక గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "అవి ఎవురు దాస్తారు మేడం? లోపల్నుంచి లాగి పక్కన పెడ్తాం. నెలాఖరుకు పాత పేపర్లోళ్లకు పోతాయి." ఢిల్లీలో ఎవరు తుమ్మిందీ భద్రంగా ఉంది. మా మండలంలో ఎవరు గెలిచారో, ఎవరి బోరు ఎండిందో, ఎవరు ఏ పార్టీలో చేరారో అంతా పొట్లాల కాగితమైపోయింది. ఆ రోజు బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ఆధారాలు లేకపోతే అంశం మార్చుకోమని మా గైడ్ సార్ ఫోనులోనే తేల్చేశారు.

ఆళ్లగడ్డలో ఒక ముసలాయన ఉన్నాడని అప్పుడే తెలిసింది. చాలా ఏళ్లు పత్రికకు విలేకరిగా చేసి మానుకున్నాడు. తను రాసిన వార్త పడిన ప్రతి జిల్లా పేజీనీ రెండు ఇనప్పెట్టెల్లో మడతలు పెట్టి దాచుకున్నాడు. దాదాపు ఏడాది పాటు శనివారాలు నంద్యాల నుంచి బస్సెక్కి ఆ ఇంటికి పోయాను. పక్కింట్లో రాతిబొమ్మలు చెక్కే ఉలి చప్పుడు, ఈ ఇంట్లో పాత కాగితం దుమ్ముకు నా దగ్గు. పేజీలన్నీ ఫోనులో ఫోటోలు తీసుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని చేరికల వంటకం వివరించేవాడు. మండలం నాయకుడు ఆటోల్లో మనుషుల్ని తోలుకొస్తాడు. వచ్చినోళ్లు ఇరవై మందైతే వార్తలో వంద కుటుంబాలు. "కండువాలు గూడా మళ్లీ ఎనక్కి తీసుకుంటారు పాపా. ఇంకో ఊరోళ్లకు కావాల గదా," అని పకపకా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే రాసుకునేదాన్ని.

నా పద్ధతి ఇది. ఫోనులో తీసిన ఫోటోలు పెద్దవి చేసి ప్రింటు తీసి, మరుసటి శనివారం ఆ ఇంటికే తెచ్చుకునేదాన్ని. ఒక్కో మొహానికి ఎర్ర పెన్నుతో అంకె వేసి, రెండో పార్టీ ఫోటోల్లో ఆ మొహం ఉందేమో వెతికేదాన్ని. దొరికిన మనిషిని పట్టికలో ఒక గడిలో వేయాలి. గడులు మూడే. కార్యకర్త, సానుభూతిపరుడు, కిరాయి జనం. ఒకే మనిషి రెండు పార్టీల ఫోటోల్లో ఉంటే కళ్లు మూసుకుని మూడో గడి. మా గైడ్ సార్ పెట్టిన నియమం అది.

మా ఊరి ఫోటో అలా ఒక శనివారం ఆ ప్రింట్లలో దొరికింది. అలవాటుగా వరసలో మొదటి మనిషికి ఒకటి, రెండో మనిషికి రెండు, మూడో మనిషికి మూడు వేసి చుట్టూ సున్నా కూడా చుట్టాను. ఆ తర్వాత గుర్తుపట్టాను. నీలం గళ్ల అంగీ, జేబు చిరిగితే మా అమ్మ వేసిన వేరే రంగు అతుకు, మెడలో కండువా. నాయన కెమెరా వైపు చూడటం లేదు. తేదీ చూస్తే నేను అవుకులో ఉన్న వేసవి. మిగతా పేజీలు తిరగేశాను. ఎనిమిది రోజుల తర్వాతి పేజీలో మళ్లీ నాయనే. అదే అంగీ, ఇంకో రంగు కండువా.

ముసలాయనకు ఆ మనిషి నాకేమవుతాడో చెప్పలేదు. ఫోటో చూపించి, ఈయనెవరో గుర్తుందా సార్ అనడిగాను. కళ్లజోడు సర్దుకుని చూశాడు. "ఓ, ఈయప్పా! ఎందుకు గుర్తులేడు, కొంచెం నవ్వప్పా అంటే నవ్వలే. కూతురికి నంద్యాల హాస్టల్లో సీటు కావాల, సిఫారసు లెటర్ ఇప్పియ్యండని వచ్చినాడు. ముందు కండువా ఏసుకో, తర్వాత లెటర్ అన్న్యారు వీళ్లు. ఇయ్యలే. పాపం, రెండో పార్టీ వాళ్ల దగ్గరికి పోయినాడు. వాళ్లూ అదే మాట. వాళ్లూ ఇయ్యలే."

నాకు సీటు వచ్చింది మార్కుల మీద, రెండో జాబితాలో. ఏ లెటరూ లేకుండానే. ఆ జాబితా వచ్చేదాకా ఆగి ఉంటే చాలు, మా నాయన మెడ మా నాయనకే ఉండేది. ఆయన కండువా వేసుకున్న సంగతి పేపర్లో పడి ఊరంతటికీ తెలుసు, మా అమ్మకు తెలుసు. తెలియనిది నా ఒక్కదానికే. అన్నేళ్లుగా ఆయన దాచుకుంటూ వచ్చింది నా నుంచే. తిరుగుబస్సులో కిటికీకి తల ఆనించి, ఈ పేజీ నాకెందుకు దొరికింది దేవుడా అని ఏడ్చాను.

ఆ రెండు ఫోటోలూ పక్కన పెట్టేసి ఉండాల్సింది. పెట్టలేదు. గైడ్ సార్‌కు పంపిన కట్టలో అవీ పోయాయి, సార్ వాటినే పట్టుకున్నారు. ఎనిమిది రోజుల్లో ఒకే మనిషి, ఒకే చొక్కా, రెండు కండువాలు, ఇంతకంటే రుజువేముందమ్మా అన్నారు. ఆయన సీటు కోసం వచ్చిన తండ్రి సార్, కిరాయి మనిషి కాదు అన్నాను. "ఆ సంగతి నీకెలా తెలుసు? ఒక మాజీ విలేకరి జ్ఞాపకం. దానికి గడి ఎక్కడుంది?" అన్నారు. ఆయన మా నాయన అని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. సిగ్గో, డిగ్రీ మీద ఆశో, రెండూనో. ఆరేళ్లయింది, ఫెలోషిప్ అయిపోవచ్చింది, ఇంట్లో అందరూ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. మొహాలు కనపడకుండా మసక చేసి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, కింద 'కిరాయి జనంతో చేరికలు: ఒక ఉదాహరణ' అని నా చేత్తో నేనే టైపు చేశాను.

వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఆ పేజీ తెరిచి పెట్టుకుని మెచ్చుకున్నాడు. మొత్తం గ్రంథానికి ఇదే ప్రాణం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను.

పుస్తకం ఇంటికి తీసుకుపోకూడదనే అనుకున్నాను. నాయన ఊరుకోలేదు. పేపర్ల గురించి మా పాప పుస్తకం రాసింది, నేను సదవకుంటే ఎట్లా అని ఫోను మీద ఫోను. మసక చేశాను కదా, పోల్చుకోలేడులే అని నాకు నేను నచ్చజెప్పుకుని తీసుకెళ్లాను. ఆయన మూడు రోజులు చదివాడు. రోజూ అన్నం తిన్నాక వసారాలో కుర్చీ వేసుకుని, వేలు పెట్టి, పేపరు చదివినట్టే ఒక్క వరస వదలకుండా. నేను లోపలికీ బయటికీ తిరుగుతూ ఆయన ఏ పేజీలో ఉన్నాడో చూసేదాన్ని. మూడో రోజు మధ్యాహ్నం వేలు కదలడం ఆగిపోయింది. చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

"పాపా," అని పిలిచాడు. పోయి నిలబడ్డాను.

"మొగం తుడిపేసినావు, సరే. అంగీ నాదే గదా."

పేజీ మీద వేలు కిందికి జరిపాడు.

"కింద కిరాయి జనం అని రాసినావు. నేను కిరాయికి పోలేదు పాపా. నీ సీటు కోసరం పోయింటి."

"తెలుసు నాయనా."

తలెత్తి చూశాడు. "తెలిసే రాసినావా?"

కాళ్ల మీద పడాలనిపించింది. అదీ చేయలేకపోయాను. గడులూ, నియమాలూ, గైడ్ సారూ, ఏదో గొణిగాను. ఆయన సగం విన్నాడో లేదో, కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. కోప్పడితే బాగుండేది. కోపం లేదు ఆ మొహంలో.

"ఇప్పుడు మార్చేకి రాదా?"

"రాదు నాయనా. అచ్చయిపోయింది. యూనివర్సిటీకి పోయింది."

పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. "రెండోతూరి పేపర్లో పడిన మర్నాడు బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయింటి. నేను యాడా చేరలేదు, ఒగ ముక్క ఎయ్యండప్పా, నా బిడ్డ సదువుకుంటాంది, రేపు సూస్తాది అని ఆ విలేకరిని అడిగినా. ఆయప్ప గూడా ఇదే చెప్పినాడు పాపా, అచ్చయిపోయిందని."