వంతెన స్తంభం మీది అంకెలు

"మళ్లీ చలి పట్టుకుంటుందట, ఆపైన వరదట. మూటైతే కట్టాను గానీ, రెండేళ్ల పిల్లను చంకనేసుకుని ఎక్కడికి పోను థోరా గారూ?" అంది వంతెన మీదికి వచ్చిన పక్కింటి కెల్సీ.

డెబ్బై ఆరేళ్ల థోరా ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున్నే రెడ్ నది వంతెన మీద నిలబడి, చేతితొడుగు పళ్లతో లాగేసి, స్తంభం మీది అంకెల్లో నీటిమట్టం చూసి వాతావరణ కార్యాలయానికి ఫోన్ చేస్తుంది. ఆ తర్వాత ఒడ్డునున్న పొలాల్లో మంచు ఎంత మిగిలిందో చూస్తూ చాలాసేపు నిలబడుతుంది. ఆవేళా అలాగే చూసి, "నీరు రెండడుగులు తగ్గింది," అంది.

"హమ్మయ్య!"

"నేనూ ఇలాగే సంబరపడ్డానమ్మాయ్. ఒక ఏడాది ఏప్రిల్ చలికి నీరు తగ్గితే, ఆవుల్ని పల్లపు దొడ్డికి తోలుకుపొమ్మని మా ఆయన ఐనార్‌తో నేనే అన్నాను. మూడోనాడు ఎండ కాసింది. కరగకుండా ఆగిన మంచు అంతా ఒక్కసారే కరిగొచ్చింది. ఆవులు ఈదుకుంటూ ఇల్లు చేరాయి."

వాటితో వెళ్లిన భర్త ఏమయ్యాడో ఆమె చెప్పలేదు. థోరా తొడుగు వేసుకుని, పిల్ల టోపీ చెవుల మీదికి లాగింది.

"పొలాల్లో మంచు కనిపించినన్నాళ్లూ కట్టిన మూట విప్పకు. దీని బూట్లు గుమ్మం దగ్గరే ఉంచు."

ఆ బూట్లు ఇప్పుడు కెల్సీ గుమ్మం దగ్గరే ఉన్నాయి.